మూడో రోజు దాకా ఆగండి

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు కాస్త ఎగువన, గోదావరికి అడ్డంగా బాబ్లీ బ్యారేజీ ఉంది. ఏటా జూలై 1న దాని 14 గేట్లూ ఎత్తేస్తారు. అక్టోబరు 28 దాకా నదికి అడ్డు ఉండదు. ఆ తర్వాత గేట్లు దించి 2.74 టీఎంసీలకు మించకుండా నీళ్లు నిలుపుకుంటారు. మార్చి 1న అందులోంచి 0.6 టీఎంసీలు దిగువనున్న శ్రీరాంసాగర్‌కు వదులుతారు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారం జరుగుతున్న పని ఇది.

తీర్పు రాకముందు ఏళ్ల తరబడి ఎగువన ఒక మాట, దిగువన ఒక మాట నడిచాయి. ఇక తమ కాలువల్లోకి చుక్క రాదని నిజామాబాద్, కరీంనగర్ రైతులు భయపడ్డారు. ఊరి పక్కనే పారే నది తమది కాకుండా పోతోందని ధర్మాబాద్ రైతులు కుమిలిపోయారు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దావా వేసింది. 2010 జూలైలో బ్యారేజీ చూస్తామని బయల్దేరిన చంద్రబాబు నాయుడునూ తెలుగుదేశం శాసనసభ్యులనూ మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్‌లో ఉంచారు. నిజానికి ఆ ఊళ్లు పరాయివి కావు. 1956 దాకా అదంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఇప్పటికీ అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. పిల్లనిచ్చిన ఇల్లు అటుంటే తెచ్చుకున్న ఇల్లు ఇటుంటుంది. అంతటి చుట్టరికం ఉన్నచోట కూడా ఎదుటివాడి మాట నమ్మలేని రోజు వచ్చింది.

కోర్టు ఆ రెండు పక్షాల వాళ్లనీ ఒకరినొకరు నమ్మమని అడగలేదు. తేదీ పెట్టింది. కొలత పెట్టింది. కేంద్ర జల సంఘం ప్రతినిధి ఒకరు, రెండు రాష్ట్రాల నుంచి ఒక్కొక్కరు, మొత్తం ముగ్గురితో కమిటీ వేసి సాక్షిగా నిలబెట్టింది. ఎవరికి ఎంత కోపం ఉన్నా, ఏ ఊళ్లో ఏ పుకారు పుట్టినా, నీళ్ల లెక్క నీళ్లదే.

మాట మీద నమ్మకం సడలిపోయిన కాలంలో, కష్టం మీద కష్టం పడుతున్నప్పుడు, క్రైస్తవుడు వాక్యాన్ని ఆనుకోవడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు బాబ్లీ కంటే దగ్గరి పోలిక దొరకలేదు. వాక్యం మన చేతికి దేవుడిచ్చిన కొలత. దాన్ని తాయెత్తులా మెడలో వేసుకుని, కొలవాల్సిన సమయంలో కొలవడం మానేస్తే, అది మన దగ్గర ఉండి కూడా లేనట్టే. కొలవాలంటే ముందు ఆగాలి. విశ్వాసం మనిషికిచ్చే బలాల్లో మొట్టమొదటిది ఈ ఆగగలగడమే అని నేను గట్టిగా నమ్ముతాను. దేవుడు సీయోనులో వేసిన పునాది రాయిని ఆనుకున్నవాడికి గాభరా ఉండదని యెషయా 28:16 చెప్పే సంగతి ఇదే. మోసగాడికి మన గాభరాతోనే పని. దేవుడికి దానితో పనిలేదు.

చూపించిన రొట్టెనే చూశారు

మోసం ఎలా పనిచేస్తుందో బైబిల్లో అన్నిటికంటే వివరంగా ఉన్న చోటు యెహోషువ 9వ అధ్యాయం. చాలామందిమి యెరికో గోడలు కూలడం దాకా చదివి, సూర్యుడు నిలిచిపోయిన అధ్యాయానికి దూకేస్తాం. మధ్యలో ఉన్న ఈ కథను మాత్రం మన కాలంలో ప్రతి ఇంట్లో చదవాలి.

యెరికో, హాయి పట్టణాలు పడిపోయాయని గిబియోనువాళ్లు విన్నారు. తర్వాత తమ వంతేనని వాళ్లకు అర్థమైంది. వాళ్ల ఊరు ఇశ్రాయేలీయుల శిబిరానికి దగ్గర్లోనే ఉంది. చుట్టుపక్కల వాళ్లతో ఒప్పందాలు చేసుకోకూడదని ఇశ్రాయేలుకు దేవుడి ఆజ్ఞ ఉంది. కాబట్టి దూరదేశం నుంచి వచ్చినట్టు కనబడాలి. పాత గోనెలు గాడిదల మీద వేశారు. చినిగి కుట్లు పడిన ద్రాక్షారసపు తిత్తులు పట్టుకున్నారు. మాసికలు వేసిన చెప్పులు తొడుక్కున్నారు. ఎండి బూజు పట్టిన రొట్టెలు మూట కట్టుకున్నారు. పొయ్యి మీంచి తీసినప్పుడు ఇవి వేడివేడిగా ఉన్నాయి, ఇప్పుడు చూడండి ఎలా ఎండిపోయాయో అన్నారు.

ఇశ్రాయేలు పెద్దలు అమాయకులేం కాదు. మీరు మా మధ్యే ఉండేవాళ్లేమో అని ముందే అనుమానపడ్డారు, ఆ మాట పైకి అన్నారు కూడా. ఆ తర్వాత రొట్టె తీసుకుని చూశారు. దేవుణ్ణి మాత్రం అడగలేదు. ఆ రోజే ఒడంబడిక చేసుకుని ప్రమాణం చేశారు. మూడు రోజులు గడిచాక తెలిసింది, వాళ్లు పక్క ఊరివాళ్లేనని.

పెద్దలు పరీక్ష చేయలేదని అనలేం. చేశారు. కాకపోతే గిబియోనువాళ్లు చూడమని తెచ్చిన రొట్టెనే చూశారు. మోసగాడు చేతికిచ్చిన సాక్ష్యాన్ని ఎంత జాగ్రత్తగా పరిశీలించినా అది అతని సాక్ష్యమే.

ఈ రోజుల్లో డిజిటల్ అరెస్టు పేరుతో జరుగుతున్నది అచ్చంగా ఇదే. ఫోన్ మోగుతుంది. మీ పేరుతో పార్శిల్‌లో మత్తుమందు దొరికిందంటారు, లేదా మీ ఖాతాలోంచి దొంగ డబ్బు పోయిందంటారు. వీడియో కాల్ తెరిస్తే ఖాకీ బట్టలు, వెనకాల పోలీస్ స్టేషన్ గోడ, బల్ల మీద జెండా. ముద్రలున్న వారెంటు కాగితం వాట్సాప్‌లో వస్తుంది. ఫోన్ పెట్టేయకూడదు, ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు అంటారు. భయపడిన మనిషి ఆ కాగితాన్ని పదిసార్లు చదువుతాడు, ముద్ర సరిగానే ఉందంటాడు. అది వాళ్లు తెచ్చిన రొట్టె. భారతదేశ చట్టంలో వీడియో కాల్ మీద అరెస్టు అనేది లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ మోసం గురించే మాట్లాడి, ముందు ఆగమని, తర్వాత ఆలోచించమని, ఆపైన ఫిర్యాదు చేయమని దేశమంతటికీ చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి వేరే దారిన అడగాలి. ఫోన్ పెట్టేసి, పోలీస్ స్టేషన్‌కు మీ కాళ్లతో మీరు వెళ్లండి. బ్యాంకు నుంచి అంటే, పాస్‌బుక్ మీద అచ్చయిన నంబరుకు మీరే చేయండి. దుబాయ్‌లో ఉద్యోగం అంటే, ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఇంకొకరి చేత చూపించుకోండి. యూపీఐలో డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎన్నడూ ఉండదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందన్నమాట.

ప్రార్థన సంగతి ఏమిటి? గిబియోను కథలో పెద్దల తప్పుగా గ్రంథం ఎంచి చెప్పింది, వాళ్లు దేవుణ్ణి అడగకపోవడాన్ని. అడగడమంటే ఆకాశం నుంచి జవాబు వినబడుతుందని కాదు. దేవుడి ఎదుట కూర్చునేసరికి మన తొందర మనకే కనబడుతుంది. ఎవరికీ చెప్పొద్దన్న సంగతిని దేవుడికి చెప్పాక, ఇంట్లో అమ్మకో అన్నకో చెప్పడానికి నోరు వస్తుంది. మోసాల్లో సగం అక్కడితో తెగిపోతాయి.

నేను చెప్పే నియమం చిన్నది. డబ్బు, సంతకం, మొక్కుబడి, ఈ మూడింటిలో దేన్నైనా ఎవరైనా ఇప్పటికిప్పుడు కావాలంటే, మూడో రోజు దాకా ఆగండి. నిజమైన ఉద్యోగం, నిజమైన సంబంధం, నిజమైన దైవ పిలుపు మూడు రోజుల్లో ఎక్కడికీ పోవు.

రెండు చోట్ల మాత్రం ఆగకూడదు. జబ్బు చేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. తొలి గంటలోనే చెబితే ఆ సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో నిలిపివేయడానికి వీలుంటుంది.

హనన్యా తీపి మాట

క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు యెరూషలేము నుంచి రాజునూ పెద్దలనూ చెరపట్టుకుపోయాడు. మందిరపు పాత్రలు పట్టుకుపోయాడు. మిగిలినవాళ్లు ఏడుస్తూ ఉన్నారు. కొన్నేళ్ల తర్వాత హనన్యా అనే ప్రవక్త మందిరంలో, యాజకులూ జనమూ చూస్తుండగా నిలబడి, రెండేళ్లలో పాత్రలు తిరిగి వస్తాయి, రాజు తిరిగి వస్తాడు, బబులోను కాడి విరిగిపోతుందని చెప్పాడు. యిర్మీయా 28వ అధ్యాయం ఇదంతా చెబుతుంది.

ఏడ్చేవాళ్లకు ఇంతకంటే తీపి మాట ఏముంటుంది? యిర్మీయా కూడా ముందు ఆమేన్ అన్నాడు. అలాగే జరగాలని కోరుకున్నాడు. ఈ చిన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. మంచి జరగాలని కోరుకోవడం తప్పు కాదు. అయితే శాంతి కలుగుతుందని చెప్పిన ప్రవక్తను, ఆ మాట నెరవేరినప్పుడే దేవుడు పంపినవాడిగా ఎంచాలని యిర్మీయా గుర్తుచేశాడు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో మోషే పెట్టిన కొలత కూడా అదే. హనన్యా కోపంతో, ఆ బబులోను కాడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న చెక్క కాడిని తీసి విరిచేశాడు. జనం ముందు ఇంత అవమానం జరిగితే మనమైతే అక్కడికక్కడే తేల్చుకుంటాం. యిర్మీయా తన దారిన తాను వెళ్లిపోయాడు. దేవుడి నుంచి జవాబు ఆ తర్వాత వచ్చింది. చెప్పాల్సిన మాట అందని వేళ ప్రవక్త కూడా ఆగాడు.

ఆ తర్వాతి అధ్యాయంలో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి అని రాశాడు. గడువు రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డుల మీద అందరికీ ఇష్టమైన యిర్మీయా 29:11 ఈ ఉత్తరంలోదే. దేవుడి తలంపులు మేలు కోసమేనని, ముందున్న కాలానికి నిరీక్షణ ఉందని చెప్పే మాట. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. 11వ వచనాన్ని గోడకు తగిలించి 10వ వచనం చదవకపోతే, యిర్మీయా ఉత్తరం కూడా హనన్యా మాటలా వినిపిస్తుంది.

వాగ్దాన కార్డు తీసుకోవద్దని నేను అనను. దాన్ని తీసుకున్న వారంలోనే ఆ అధ్యాయం మొత్తం ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. ఎవరికి చెప్పారు, ఏ పరిస్థితిలో చెప్పారు, ఎంతకాలం తర్వాత నెరవేరింది అని పిల్లల చేత చెప్పించండి. అప్పు తీరకపోయినా, పంట పోయినా, ఆ మాట ఎందుకు నిలబడుతుందో పిల్లలకే తెలుస్తుంది.

అంత్యదినాల గురించి తేదీలు పెట్టి భయపెట్టేవాళ్ల విషయంలోనూ ఇంతే. ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయని శిష్యులు అడిగితే, మత్తయి 24వ అధ్యాయంలో యేసు మొదట చెప్పింది తేదీ కాదు, ఎవరూ మిమ్మల్ని మోసపుచ్చకుండా చూసుకోమని. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని అదే అధ్యాయం 36వ వచనంలో ఉంది. యుద్ధం వార్త వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక తేదీ తిరుగుతుంది. ఆ సందేశం పంపినవాళ్లు తర్వాత తప్పు ఒప్పుకున్నారా అని అడిగి చూడండి.

అపవాదికీ వచనాలు వచ్చు

వాక్యంలో ఉందండీ అనేసరికి మనం తల వంచేస్తాం. తల వంచే ముందు మత్తయి 4వ అధ్యాయం గుర్తుచేసుకోవాలి. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్న అపవాది తన మాటకు ఆధారంగా 91వ కీర్తన చెప్పాడు. దేవదూతలు ఎత్తి పట్టుకుంటారన్న వచనం అది. అతను చెప్పినదాంట్లో, నీ మార్గాలన్నిటిలో కాపాడతారన్న భావం ఉన్న ముక్క మత్తయిలో కనబడదు. ఆ వెంటనే వచ్చే వచనం సర్పాన్ని తొక్కడం గురించి. అక్కడిదాకా అతను వెళ్లలేదు. యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల్లోవే. అరణ్యంలో ఇశ్రాయేలు ఎక్కడ తడబడిందో చెప్పే అధ్యాయాలు అవి. ఆకలి వేళ, నీళ్లు లేని వేళ, పరాయి దేవుళ్లు పిలిచిన వేళ ఏం చేయాలో ఆయన ముందే ఎరిగి ఉన్నాడు.

ఎవరైనా ఒక వచనం చూపించి మీ చేత ఒక పని చేయించాలనుకుంటే, దానికి ముందు పది వచనాలు, తర్వాత పది వచనాలు చదవండి. ఎంత పెద్ద బోధకుడు చూపించినా సరే. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పింది విని, అది నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11 చెబుతుంది. వాళ్లను లూకా తప్పుపట్టలేదు, మెచ్చుకున్నాడు. పౌలునే పరిశీలించవచ్చంటే, మన అయ్యగారిని ఒక ప్రశ్న అడగడం అమర్యాద ఎలా అవుతుంది? అయ్యగారూ, ఈ మాట ఎక్కడుందో చూపిస్తారా అని గౌరవంగా అడగండి. మంచి కాపరి సంతోషంగా చూపిస్తాడు. అడిగినందుకు శపిస్తానన్నవాడి దగ్గర నుంచి పిల్లలను తీసుకుని వచ్చేయండి.

మరాఠ్వాడాలో మరాఠీ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు పండిత రమాబాయి కథ చెప్పాలి. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే కూతురికి సంస్కృతం నేర్పించినందుకు లోకం మాటలు పడ్డాడు. 1870ల కరువులో ఆమె తల్లిదండ్రులు పోయారు. 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో ఆమె బాప్తిస్మం తీసుకుంది. అక్కడ తనను చేరదీసిన సన్యాసినుల మీద ఎంతో కృతజ్ఞత ఉన్నా, వాళ్లు చెప్పిన ప్రతి సిద్ధాంతానికీ తల ఊపలేదు. ఇది లేఖనంలో ఎక్కడుంది అని ఉత్తరాల్లో వాదించింది. తర్వాత పుణే దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదనం నడుపుతూ, హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, చదువు తక్కువ ఉన్న ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలో బైబిల్ అనువాదం చేసింది. అక్కడి ఆడవాళ్లే దాన్ని అచ్చువేశారు. 1922 ఏప్రిల్‌లో చనిపోయే దాకా ఆమె ఆ పనిలోనే ఉంది. కరువునూ, అయినవాళ్ల చావునూ, రెండు వైపుల నుంచీ నిందలనూ చూసిన మనిషి ఆమె. వాటన్నిటి మధ్యా తన కళ్లతో తాను చదువుకునే హక్కును వదులుకోలేదు.

సరిహద్దు ఊళ్లలో ఒక పని చేయవచ్చు. నాయనమ్మ తెలుగు బైబిల్ చదువుతుంటే మనవరాలు మరాఠీ బైబిల్‌లో అదే అధ్యాయం చదవాలి. వచనం వచనం మార్చి మార్చి. ఒకరికి తెలియని మాట ఇంకొకరికి తెలుస్తుంది. చదువు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చదువు మనసులో నిలుస్తుంది. మనసు కలతగా ఉన్న రోజుల్లో 37వ కీర్తనతో మొదలుపెట్టండి. చెడ్డవాడి ఎదుగుదల చూసి ఉడికిపోవద్దని చెప్పే కీర్తన అది. దుఃఖం మరీ ఎక్కువగా ఉంటే 13వ కీర్తన, ఇంకా ఎక్కువైతే 88వది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. సంతోషం నటించాల్సిన పని లేదు.

మీ కష్టంతో ఎవరికి లాభం

రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో కుష్ఠు నయమైన నయమాను, వెండి బంగారాలు ఇవ్వబోతే ఎలీషా ప్రమాణం చేసి మరీ వద్దన్నాడు. పనివాడు గేహజీ వెనకాల పరుగెత్తి, అబద్ధం చెప్పి తీసుకున్నాడు. ప్రార్థన నూనె సీసాకు ధర పెట్టేవాళ్లనూ, ఇంత విత్తనం వేస్తే అంత పంట వస్తుందని ఆపరేషన్‌కు దాచుకున్న డబ్బు అడిగేవాళ్లనూ ఈ అధ్యాయం పక్కన పెట్టి చూడండి. కానుక ఇవ్వడం మంచిదే. సంఘం నడవాలి, కాపరి ఇల్లు గడవాలి. కానీ రోగి తలగడ దగ్గర కానుక అడిగేవాడు ఎలీషా దారిలో లేడు.

తెలుగు నేల మీద దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఒంగోలు. 1876-78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వేలమందికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. అప్పుడే వందలూ వేలూ బాప్తిస్మం కోసం వచ్చారు. అన్నం కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేలదు కాబట్టి, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ మిగలని రోజు వచ్చాక తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ పెద్ద అంకెనే చెప్పుకుంటారు. నా దృష్టిలో దానికంటే గొప్పవి, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వకుండా గడిచిన ఆ నెలలు. మీ కష్టకాలంలో మీ దగ్గరికి వచ్చినవాడు మీ నుంచి ఏదీ తీసుకోకుండా ఆగగలుగుతున్నాడా? ఆ ప్రశ్న చాలు.

జబ్బు విషయంలో ఇంకొక మాట. విశ్వాసం ఉంటే మాత్రలు మానేయమని చెప్పేవాళ్లు ఉన్నారు. హిజ్కియా రాజు కోసం దేవుడు ఆయుష్షు పెంచుతానన్నాక కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, గోదావరి వంతెన, నిజామాబాద్ దాటాక డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915లో వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత విరాళం ఇచ్చి ఆదుకున్నారు. ప్రార్థించే ఆ డాక్టరమ్మ మందు మానమని ఎవరితోనూ చెప్పలేదు. ఆ రోజుల్లో దొరికిన చాల్‌మూగ్రా జాతి నూనెతో ఓపికగా వైద్యం చేసింది. ఈ రోజు ఆ జబ్బుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మాత్రలున్నాయి, పూర్తిగా నయమవుతుంది.

లేవీయకాండము 13వ అధ్యాయం చదవడానికి కష్టంగా ఉంటుందని దాటేస్తాం. అక్కడ చర్మం మీద మచ్చ చూసిన యాజకుడు సంగతి తేలకపోతే వెంటనే ఏమీ ప్రకటించకూడదు. ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి, ఇంకా తేలకపోతే మరో ఏడు రోజులు. మనిషి మీద ముద్ర వేసేముందు రెండుసార్లు చూడమని ధర్మశాస్త్రం చెప్పింది. మన సంఘంలో ఒకరి గురించి పుకారు వచ్చినప్పుడు, ఫలానా ఆమెకు దయ్యం పట్టిందని ఎవరో అన్నప్పుడు, ఈ అధ్యాయం తెరవండి. ఫార్వర్డ్ మీట నొక్కే ముందు కూడా తెరవండి. మోసపోకూడదని ఇంత చెప్పుకుంటున్నాం, మన చేతి మీదుగా ఇంకొకరు మోసపోకుండా చూడటం కూడా అందులో భాగమే.

మోసపోయాక

ఇంత చేసినా మోసపోతాం. యెహోషువ మోసపోయాడు. నిజం తెలిశాక జనం పెద్దల మీద సణిగారు. పెద్దలు మాత్రం దేవుడి పేరున చేసిన ప్రమాణం తప్పలేదు. గిబియోనువాళ్లను కట్టెలు కొట్టే, నీళ్లు తోడే పనిలో పెట్టారు కానీ చంపలేదు. అంతటితో అయిపోలేదు. తర్వాతి అధ్యాయంలో ఐదుగురు రాజులు గిబియోను మీదికి వస్తే, తమను మోసం చేసిన ఆ ఊరిని కాపాడటానికి యెహోషువ రాత్రంతా నడిచి వెళ్లాడు. ఎన్నో తరాల తర్వాత సౌలు ఆ ప్రమాణాన్ని మీరి గిబియోనీయులను చంపించినందుకు, దావీదు కాలంలో మూడేళ్లు కరువు వచ్చిందని రెండో సమూయేలు 21వ అధ్యాయంలో ఉంది. ఒకడు మనల్ని ముంచాడని మనం ఇంకొకణ్ణి ముంచకూడదు. చిట్టీలో పోయిన డబ్బు రాబట్టుకోవడానికి బావమరిదిని అదే చిట్టీలో చేర్పించడం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో మీకు తెలుసు.

మోసపోయిన మనిషికి డబ్బు పోయిన బాధ కంటే సిగ్గు ఎక్కువ. ఇంత చదువుకున్నావు, ఇంత ప్రార్థన చేస్తావు, నీకెలా జరిగింది అని అడగకండి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత అతన్ని లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఇక్కడ నువ్వేం చేస్తున్నావని దేవుడు అడిగింది నలభై రోజుల ప్రయాణం తర్వాత, హోరేబు కొండ మీద.

కాబట్టి అలాంటి ఇంటికి వెళ్లేటప్పుడు అన్నం తీసుకుని వెళ్లండి. 1930కి ఫోన్ చేయకపోయి ఉంటే పక్కన కూర్చుని చేయించండి. ఫోన్లో ఉన్న సందేశాలు చెరిపేయనివ్వకండి, అవే సాక్ష్యం. పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామంటూ కొత్తవాళ్లు ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసమని ముందే చెప్పి ఉంచండి. ప్రాణం తీసుకోవాలన్న మాట నోట వస్తే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకండి, తెల్లవారగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వాక్యం చదవమని అతను అడిగితే చదవండి, అడగకపోతే ఆ రోజుకు ఊరుకోండి. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసి గోడకు అంటించండి. బ్యాంకుకు రెండోసారి వెళ్లాల్సిన రోజు పని మానుకుని మీరూ వెంట వెళ్లండి.